పట్టికను క్రమపఱచుట

తెనాలి, బాపట్ల, రేపల్లెలనుండి వచ్చు బాలబాలికల పేళ్లు, ఊళ్లు, జిల్లాలు, మార్కులు కంప్యూటరునందు వర్డ్ ప్రాసెసరులో పట్టికగా వ్రాసితి మనుకొనుఁడు. ప్రతి యడ్డువరుసయు నొక విద్యార్థిది. ప్రతి నిలువువరుసయు నొక వివరము. వీనిని వలసిన క్రమమున నిలుపుటకు 'సార్ట్' అని పేరు.

మొదట పట్టిక నంతయు నెన్నుకొనవలెను. మార్కుల నిలువువరుసను మాత్రమే క్రమపఱచినచో అంకెలు కదలును, పేళ్లు కదలవు. ఒకని శ్రమఫలము వేఱొకని పాలగును. శీర్షికలున్న మొదటివరుసను 'హెడర్ రో' అని తెలిపినచో నది పైననే నిలుచును.

2022 ఏప్రిల్ నుండి తెనాలి గుంటూరు జిల్లాలోను, తక్కిన రెండును బాపట్ల జిల్లాలోను ఉన్నవి. కావున ముందు జిల్లా, పిదప ఊరు, ఆపైఁ బేరు అని మూఁడు మెట్లుగాఁ గోరవచ్చును.

మార్కులను సంఖ్యలుగా నెంచుమని చెప్పవలెను. అక్షరములవలె నెంచినచో మొదటి యంకెనుబట్టి 100, 35కు ముందు వచ్చును.

తెలుఁగు పేళ్లయందు మఱియొక చిక్కు గలదు. మన వర్ణమాలలో ళకారము హకారమునకుఁ దరువాతిది. యూనికోడ్ సంఖ్యలలో నది లకారమును వెన్నంటి యుండును. ఆ సంఖ్యలనుబట్టి క్రమపఱచినచో 'కాళిదాసు' అను పేరు 'కావేరి'కి ముందు వచ్చును.

కావున మూలప్రతిని చెఱుపక దాఁచుకొని, క్రమపఱచిన పట్టికలోని కొన్ని వరుసలను దానితో సరిచూచిన పిమ్మటనే ఫలితములు ప్రకటింపవలెను.