కనబడని భారం

లండను, మాంచెస్టరు వంటి నగరాలలో విక్టోరియా రాణి కాలం (1837-1901) నాటి ఇళ్లు నేటికీ వీథులకు వీథులుగా నిలిచి ఉన్నాయి. నడుమ ఒకే ఉమ్మడి గోడతో వరుసగా కట్టిన ఆ ఇళ్ల కప్పుల మీద ఇటుకల పొగగొట్టాలు బారులు తీరి కనిపిస్తాయి. చలిదేశం కావడం వల్ల పూర్వం ప్రతి ముఖ్యమైన గదిలోను గోడకు ఒక నిప్పుగూడు ఉండేది. అందులో బొగ్గు మండించి వెచ్చదనం పొందేవారు. ఆ పొగను పైకి తీసుకుపోయే మార్గం చుట్టూ ఇటుకలతో కట్టిన దిమ్మె గదిలోకి ఒక అడుగు మేర, ఒక్కొక్కచోట అంతకంటె ఎక్కువగా పొడుచుకొని వస్తుంది. దానిని అక్కడివారు 'చిమ్నీ బ్రెస్ట్' అంటారు. తెలుగులో చిమ్నీ దిమ్మె అనుకోవచ్చు.

ఈ నిప్పుగూళ్ల వెనుక చాలా చరిత్ర ఉంది. 1662లో ఇంగ్లండు ప్రభుత్వం ఒక్కొక్క నిప్పుగూటికి ఏడాదికి రెండు షిల్లింగుల వంతున పన్ను విధించింది. ప్రజాగ్రహానికి గురియైన ఆ పన్ను 1689లో రద్దయింది. ఇరుకైన పొగగొట్టాలలోకి పసిపిల్లలను ఎక్కించి మసి దులిపించే దురాచారం 1875 నాటి చట్టంతో గాని తుదిముట్టలేదు. 1952 డిసెంబరులో అయిదు రోజుల పాటు లండనును కమ్ముకొన్న పొగమంచు వేలమందిని బలిగొన్నది. దరిమిలా 1956లో స్వచ్ఛవాయు చట్టం వచ్చింది. క్రమంగా గ్యాసుతో నీటిని కాచి, గొట్టాల ద్వారా ఇల్లంతా వెచ్చబరిచే పద్ధతి వ్యాపించింది. నిప్పుగూళ్లు చల్లారిపోయాయి, దిమ్మెలు మాత్రం మిగిలాయి.

చిన్న గదిలో ఈ దిమ్మె చోటు తినివేస్తుంది. బల్లకో మంచానికో అడ్డు వస్తుంది. అందుచేత దానిని తొలగించాలని చాలామంది గృహస్థులు తలపెడతారు. సుత్తి, ఉలి పట్టగలిగినవారు కొద్ది రోజులలో ఆ పని ముగించగలరు. ప్రమాదమంతా ఆ సౌలభ్యంలోనే ఉన్నది.

మన తర్కశాస్త్రంలో ఆధారం, ఆధేయం అని రెండు మాటలున్నాయి. కుండలో నీరున్నప్పుడు కుండ ఆధారం, నీరు ఆధేయం. చిమ్నీ దిమ్మె విషయంలో ఈ సంబంధం అంతస్తులవారీగా సాగుతుంది. కింది గదిలోని దిమ్మె పై గదిలోని దిమ్మెకు ఆధారం. అది అటకలోని భాగానికి ఆధారం. అది కప్పు మీది పొగగొట్టానికి ఆధారం. ఒక ఘనపు మీటరు ఇటుక కట్టడం ఇంచుమించు 1900 కిలోల బరువుంటుంది. కింది దిమ్మెను మాత్రమే తీసివేస్తే, పైనున్న కట్టడమంతా ఉమ్మడి గోడను పట్టుకొని వేలాడుతుంది. అది ఆ క్షణంలోనే కూలిపోవాలని లేదు. సున్నపు పట్టు వల్ల కొంతకాలం నిలిచి ఉండవచ్చు. యజమానిని మోసపుచ్చేది ఆ నిలకడే. తరువాత ఆ ఇల్లు కొన్నవారికి జరిగిన మార్పు తెలియదు. పై గదిలో దిమ్మె ఉండి, సరిగ్గా దాని కింది గదిలో చదునైన గోడ కనిపిస్తే, అనుభవజ్ఞుడైన ఇంజనీరు మొదట వేసే ప్రశ్న ఒక్కటే: పైభాగాన్ని ఇప్పుడు ఏది మోస్తున్నది?

కప్పు మీది పొగగొట్టంతో మొదలుపెట్టి పైనుంచి కిందికి అంతటినీ విప్పడం ఒక మార్గం. పైభాగాన్ని ఉంచదలిస్తే, దాని బరువు మోయగల ఉక్కు దూలాన్ని ఇంజనీరు లెక్క ప్రకారం అమర్చాలి. పని అయ్యేవరకు తాత్కాలికంగా ఊతలు నిలపాలి. స్థానిక భవన నిర్మాణ అధికారుల ఆమోదం కూడా అవసరం. ఇంగ్లండు, వేల్సులలో 1996 నాటి ఉమ్మడి గోడల చట్టాన్ని అనుసరించి పొరుగింటివారికి రెండు నెలల ముందుగా నోటీసు ఇవ్వాలి. ఇది వట్టి మర్యాద కాదు. పొరుగింటి పొగమార్గం తరచుగా అదే గోడలో ఉంటుంది. నడిమి ఇటుకలు పగిలితే, అటువైపు పరికరాల నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడు ఇటువైపు గదిలోకి చొరబడుతుంది. రంగు, వాసన లేని ఆ వాయువు నిద్రలోనే ప్రాణం తీయగలదు.

దిమ్మె పోయినచోట సీలింగులో ఖాళీ ఏర్పడుతుంది. దానిని పూడ్చబోయినప్పుడు పాత సీలింగు సంగతి బయటపడుతుంది. మన కోస్తా పట్టణాలలోని మద్రాసు మిద్దెలలో టేకు దూలాల మీద పేర్చిన ఇటుకలే కిందికి కనిపించే కప్పు. ఇంగ్లండు ఇళ్లలో సీలింగు దూలాల అడుగున అమర్చిన వేరొక పొర. దూలాలకు సన్నని చెక్కబద్దలను కొద్దికొద్ది సందులు విడిచి మేకులతో బిగించేవారు. పశువుల వెంట్రుకలు కలిపిన సున్నపు గారను కిందినుంచి అదిమేవారు. సందులలోంచి పైకి పొంగి, బద్దల వెనుక ముద్దకట్టి గట్టిపడిన గారయే మొత్తం పొరను పట్టి ఉంచుతుంది. ఏళ్ల తరబడి అదురుడుకు, కారే నీటికి ఆ ముద్దలు విరిగిపోతాయి. అప్పుడు సీలింగు కొంచెం కిందికి ఉబ్బినట్లు కనిపిస్తుంది.

కట్టిన తీరు వేరైనా, పట్టు సడలితే జరిగేదేమిటో లండనులోని అపోలో నాటకశాల చూపింది. 1901లో ప్రారంభమైన ఆ శాలలో 2013 డిసెంబరు 19న ప్రదర్శన జరుగుతుండగా సీలింగులో కొంతభాగం ప్రేక్షకుల మీద పడింది. డెబ్బైమందికి పైగా గాయపడ్డారు. సీలింగును పట్టి ఉంచిన గోనెగుడ్డ, ప్లాస్టరు కట్లు కాలక్రమాన బలహీనపడినట్లు తరువాత తేలింది.

ఉబ్బు స్వల్పమైతే, మరలతో దూలాలకు బిగించి పాత సీలింగునే కాపాడుకోవచ్చు. అందమైన గారపూలు ఉన్నచోట అదే మేలు. పూర్తిగా చెడితే తొలగించి జిప్సం బోర్డులు బిగిస్తారు. పాతదాని అడుగునే కొత్త బోర్డు కొట్టేవారూ ఉన్నారు. వారు దూలాల మీద మరొక బరువు పెడుతున్నారన్నమాట. ఇరవయ్యో శతాబ్దంలో వేసిన కొన్ని గరుకు పూతలలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. బ్రిటన్‌లో 1999లో దానిని పూర్తిగా నిషేధించారు గాని, అంతకు ముందరి పూతలు ఇళ్లలో మిగిలే ఉన్నాయి. కనుక గీకడానికి ముందే నమూనాను పరీక్షకు పంపాలి.

పని ముగిసిన పిదప అధికారులిచ్చే ధ్రువపత్రాన్ని ఇంటి దస్తావేజులతో కలిపి భద్రపరచుకొంటారు. ఇల్లు అమ్మే నాడు కొనేవారి న్యాయవాది దానిని అడుగుతాడు.