చక్రం వెనక వేలాడే రబ్బరు

ఏప్రిల్ సగం దాటితే నూజివీడు చుట్టుపక్కల రోడ్లకు తీరిక ఉండదు. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట వైపు తోటల్లో చిక్కాలతో కోసిన బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయలు ట్రాక్టరు ట్రక్కుల్లోకెక్కి నున్న మార్కెట్టు దారి పడతాయి. కాయ మీద సొన కారకుండా తొడిమతో కోస్తారు, అడుగున వరిగడ్డి పరుస్తారు, ఎండ తగలకుండా పైన పట్టా కప్పుతారు. పైనుంచీ కిందనుంచీ వచ్చే దెబ్బకు ఇంత ఏర్పాటు ఉంది. ముందునుంచి, లాక్కెళ్లే బండి చక్రమే విసిరే రాళ్లకు మాత్రం మనం నమ్ముకున్నది ఒక రబ్బరు ముక్కని. లారీ వెనక, బస్సు వెనక, చివరికి మోపెడ్ వెనక కూడా వేలాడే ఆ మడ్‌ఫ్లాప్‌ను యంత్రమని ఎవరూ అనరు. అయినా దానికీ ఒక చరిత్ర ఉంది.

దాని తాతలు గుర్రపు బగ్గీల నాటివాళ్లు. గుర్రం డెక్కలు చిమ్మే బురద బండిలో కూర్చున్నవాళ్ల మీద పడకుండా ముందు ఒక చెక్కపలకో తోలుపలకో నిలబెట్టేవారు. గుర్రం పోయి ఇంజను వచ్చినా ఆ పలక పోలేదు. స్పీడు మీటరు, పెట్రోలు ముల్లు అమర్చుకుని కారులో డ్యాష్‌బోర్డుగా స్థిరపడింది. సైకిలుకూ, కారుకూ చక్రం మీద వంపు తిరిగిన రేకు మడ్‌గార్డు వచ్చి, పైకి లేచే బురదను ఆపింది. వెనక్కి పోయేదాన్ని ఆపాలని అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. బండ్ల వేగమే తక్కువ, పైగా వెనక వచ్చేవాడి బాధ వెనకవాడిది.

ఆ పట్టింపు యుద్ధం తెచ్చింది. 1942లో అమెరికాలోని ఒక్లహోమా సిటీ దగ్గర టింకర్ విమాన స్థావరం కోసం రాడార్ పరికరాలు మోసే ట్రక్కులు ఉండేవి. చక్రాలు విసిరే రాళ్లకు ఆ సున్నితమైన సామాను పాడవుతుండేది. ఆస్కార్ గ్లెన్ మార్చ్ అనే ఆయన చక్రాల వెనక పలకలు వేలాడదీసి ఆ నష్టాన్ని ఆపాడనీ, ఇప్పటి లారీ మడ్‌ఫ్లాప్ పుట్టుక అదేననీ చెబుతారు. ఆ కాలపు అత్యాధునిక విజ్ఞానానికి కాపలా కాసింది ఊరికే వేలాడే ఒక ముక్క కావడం నాకు ఈ కథలో బాగా నచ్చే సంగతి.

ఇంతకీ రాయి ఎందుకు ఎగురుతుంది? టైరు గాడిలో పది గ్రాముల కంకర రాయి ఇరుక్కుందనుకోండి. అర మీటరు వ్యాసార్ధం ఉన్న లారీ చక్రం గంటకు 60 కిలోమీటర్ల వేగంతో దొర్లుతుంటే, ఆ రాయిని గాడిలోనే పట్టి ఉంచడానికి దాని బరువుకు 57 రెట్ల బలం కావాలి. అంటే అర కిలో పైచిలుకు. కారు చక్రం ఇంకా చిన్నది. వ్యాసార్ధం 30 సెంటీమీటర్లనుకుంటే అదే వేగానికి ఆ లెక్క కిలో దగ్గరికి వస్తుంది. రబ్బరు పట్టు సడలిన క్షణాన రాయి చక్రానికి స్పర్శరేఖ వెంట దూసుకుపోతుంది.

ఇక్కడో తమాషా ఉంది. ముందు బండి తన మీదికి రాయి విసిరిందని వెనకవాడు తిట్టుకుంటాడు. రోడ్డు పక్కన నిలబడి చూసేవాడి లెక్క వేరు. జారకుండా దొర్లే చక్రంలో నేలను తాకిన చోటు ఆ క్షణానికి కదలదు. పై అంచేమో బండికి రెట్టింపు వేగంతో ముందుకు పోతుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడ విడిపోయినా రాయికి నేల మీద వెనక్కి పోయే వేగమే ఉండదు. పైకి లేస్తుంది, కొద్దిగా ముందుకే జరుగుతుంది. వెళ్లి దాన్ని గుద్దుకునేది వెనక వచ్చే ట్రైలరే!

లెక్క వేసి చూడండి. నేలను తాకిన చోటునుంచి చక్రం 30 డిగ్రీలు తిరిగాక రాయి విడిపోయిందనుకుందాం. 60 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు ఎనిమిది మీటర్లకు పైగా వేగంతో పైకి లేస్తుంది. ట్రైలరు ముందు గోడ రెండు మీటర్ల వెనక ఉంటే, సెకనులో ఏడో వంతు గడిచేసరికి రాయి దాదాపు మీటరు ఎత్తు చేరుతుంది. గోడ సెకనుకు 14 మీటర్ల వేగంతో వచ్చి దానికి తగులుతుంది. కారు వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న క్యాంపింగ్ ట్రైలరుకు ముందు కిటికీ ఉండేది ఇంచుమించు ఆ ఎత్తులోనే. ఆ దెబ్బలో ఉన్న శక్తి సుమారు ఒక జౌలు, వంద గ్రాముల మామిడికాయ మీటరు ఎత్తునుంచి పడ్డంత. కాయ పడితే దెబ్బ కాస్త మేర పరుచుకుంటుంది. కంకర రాయి తన శక్తినంతా మొన తాకిన చోటే దిగబెడుతుంది.

శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. 25 కిలోమీటర్ల వేగంతో పోయే ట్రాక్టరు వెనక ట్రక్కుకు తగిలే దెబ్బతో పోలిస్తే, 75 వేగంతో పోయే కారు వెనక ట్రైలరుకు తగిలేది తొమ్మిది రెట్లు. మన తోటల దారుల్లో ట్రక్కు ముందు డోరు సొట్టలు పడకుండా ఏళ్ల తరబడి నిలవడానికి ట్రాక్టరు నిదానమే ముఖ్య కారణం. దాని పెద్ద చక్రం మీద రేకు మడ్‌గార్డు కూడా ఉంది గానీ, మనవాళ్లకు అది బురదను ఆపే రేకు కంటే మనుషులు కూర్చునే సీటుగానే ఎక్కువ తెలుసు. అక్కడ కూర్చోవడం ప్రాణాలతో చెలగాటమని ఎన్నిసార్లు చెప్పినా పండగ రోజున ఆ సీటు ఖాళీగా కనబడదు.

రాయి కాయకు తగిలితే నష్టం ఆ కాయతో ఆగదు. దెబ్బ తిన్న మామిడి ఇథిలీన్ వాయువును ఎక్కువగా వదులుతుంది, ముందుగా మగ్గుతుంది, పక్క కాయల్నీ తొందరపెడుతుంది. గాయంలోంచి శిలీంద్రం దూరిందంటే ఢిల్లీ చేరే లోడులో మచ్చలు తప్పవు.

ట్రాక్టరు ట్రక్కు నిదానంగా పోయి బయటపడుతుంది గానీ, క్యాంపింగ్ ట్రైలరు కథ అంత తేలిక కాదు. దాని గోడ పల్చటి అల్యూమినియం రేకో, ఫైబరో. కిటికీలకు చాలాసార్లు అక్రిలిక్ వాడతారు. కారు ముందు అద్దానికున్న అదృష్టం వాటికి లేదు. 1903లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ బెనెడిక్టస్ చేతిలోంచి ఒక గాజు సీసా కింద పడి, పగిలినా ముక్కలు చెదరలేదు. లోపల ఎండిపోయిన సెల్యులోజ్ నైట్రేట్ పొర వాటిని పట్టి ఉంచింది. కారు ముందు బిగించే, రెండు గాజు పలకల మధ్య పొర ఉన్న అద్దం ఆ సీసా నుంచే వచ్చింది. ట్రైలరు కిటికీకి అంత ఖర్చూ బరువూ పెట్టడం అరుదు గనుక ఎయిర్‌స్ట్రీమ్ లాంటి ట్రైలర్ల ముందు కిటికీలకు విడిగా రాతి కవచాలు బిగిస్తారు.

మరి ముందు గోడంతటికీ దళసరి రేకు కొట్టేస్తే సరిపోదా? చాలామందికి మొదట తోచేది ఇదే. ఆస్ట్రేలియా లోతట్టు కంకర దారుల్లో కారవాన్లు లాక్కెళ్లేవాళ్లకు దీని ఫలితం బాగా తెలుసు. గట్టి రేకుకు తగిలిన రాయి తిరిగి ముందుకు ఎగిరి, లాక్కెళ్తున్న కారు వెనక అద్దాన్నే పగలగొడుతుంది. అందుకే అక్కడ కారుకూ ట్రైలరుకూ మధ్య గట్టి వలగుడ్డ అడ్డంగా కడతారు. అది గాలిని పోనిస్తుంది, రాళ్లను కిందికి దించేస్తుంది. దెబ్బ తగిలే చోట కవచం మందం పెంచుకుంటూ పోవడం కంటే రాయి పుట్టే చోటే, అంటే చక్రం వెంటనే దాన్ని నేలకు దించడం మేలు. 1942 నాటి ఆలోచనా ఇదే.

గోడ మీద అంటించే పారదర్శకమైన పాలీయురేథేన్ పొర కూడా యుద్ధం నుంచే వచ్చింది. వియత్నాంలో హెలికాప్టర్ రెక్కలను ఇసుక, రాళ్ల ముక్కలనుంచి కాపాడటానికి త్రీఎం సంస్థ తయారుచేసింది. ఇప్పుడు ఖరీదైన కార్ల రంగు చెడకుండా వేస్తున్నారు. గీతలకు బాగా పనికొస్తుంది. కంకర మొనకు దీన్నొక్కదాన్నే నమ్ముకోవడం దండగ.

మన దగ్గర మడ్‌ఫ్లాప్‌కు జీవితం దొరికింది ఎక్కువగా విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల. లారీ బాడీ కట్టే షెడ్లలో రబ్బరు కోసి, పెయింటరు చేత ట్రాన్స్‌పోర్టు పేరో దిష్టి బొమ్మో రాయించి బిగిస్తారు. అందం మీద ఉన్న శ్రద్ధ కొలత మీద ఉండదు. నేలకు చాలా ఎత్తులో ఆగిపోయిన ఫ్లాపు దిష్టి తీయడానికి పనికొస్తుందేమో గానీ రాయిని ఆపదు. అది చక్రానికి 60 సెంటీమీటర్ల వెనక, నేలకు 15 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే బండి మీంచి చూస్తే సుమారు 14 డిగ్రీల కంటే ఎక్కువ కోణంలో లేచే రాళ్లన్నీ దానికే తగులుతాయి. అదే 40 సెంటీమీటర్ల ఎత్తులో ఆగిందంటే మనం లెక్కేసిన 30 డిగ్రీల రాయి దాని కింద నుంచి దర్జాగా పోతుంది.

కిందికి దింపడానికీ హద్దుంది. వేగం పెరిగితే ఎదురుగాలికి పల్చటి రబ్బరు వెనక్కి లేచిపోతుంది, దళసరిది వాడాలి లేదా అడుగున బరువు కట్టాలి. తోటలో బండి రివర్సు చేసేటప్పుడు గట్టు ఎక్కిన చక్రం కింద ఫ్లాపు పడిందంటే బోల్టులతో సహా ఊడి వస్తుంది. కారు వెనక ట్రైలరు తగిలించేవాళ్ల కోసం హుక్కు దగ్గర అడ్డపట్టీకి పిన్నుతో బిగించే ఫ్లాపులు వచ్చాయి. ట్రైలరు విప్పినప్పుడు వాటినీ తీసి డిక్కీలో వేసుకోవచ్చు. కొనేముందు ఒకటి చూసుకోవాలి. సైలెన్సరు గొట్టం మూతి దానికి ఎదురుగా ఉంటే, రాళ్ల సంగతి అలా ఉంచి, ఘాటు రోడ్డు ఎక్కేలోపే రబ్బరు కరిగి వాసనొస్తుంది. మధ్యలో రేకు ముక్క అడ్డం పెట్టించుకోవాలి.