అట్టముక్కల స్నేహం

చిన్నపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఎక్కడో ఒక పాత మిఠాయి డబ్బా ఉంటుంది. అందులో ఏముందో అమ్మీకి తెలుసు, కానీ తెలియనట్టే ఉంటుంది. గోళీలు, సోడా మూతలు, తపాలా బిళ్ళలు, ఆటగాళ్ళ బొమ్మలు. మేము అన్నదమ్ములం కర్నూలులో పెరిగిన రోజులలో మా డబ్బా నిండా బబుల్‌గమ్‌తో వచ్చే క్రికెట్ ఆటగాళ్ళ బొమ్మలే ఉండేవి. గమ్ తీపి నిమిషంలో పోయేది. బొమ్మ మాత్రం నెలల తరబడి చేతులు మారేది. వచ్చిన బొమ్మే మళ్ళీ మళ్ళీ వచ్చేది, కావలసింది ఎంతకీ వచ్చేది కాదు.

మాకు కావలసింది అజహరుద్దీన్. హైదరాబాదు వీధులలో ఆడి, ఆడిన మొదటి మూడు టెస్టులలోనూ మూడు శతకాలు చేసిన ఆటగాడంటే మా ఇళ్ళలో ఉండే అభిమానం వేరే చెప్పాలా! ఆ బొమ్మ మా పక్కింటి నేస్తం దగ్గర ఒక్కటే ఉండేది. నాలుగు బొమ్మలు ఇస్తామన్నాము, ఆరు ఇస్తామన్నాము. వాడు లొంగలేదు. కొన్నాళ్ళకు వాళ్ళ అబ్బాజాన్‌కు వేరే ఊరికి బదిలీ అయింది. లారీలో సామాను ఎక్కిస్తున్న ఉదయాన వాడు పరుగెత్తుకుంటూ వచ్చి, ఆ బొమ్మను మా పెద్దన్న చేతిలో పెట్టి, ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. బదులుగా ఏమీ అడగలేదు. ఇచ్చే వ్యవధి కూడా మాకు ఇవ్వలేదు.

రెండేసి ఉన్నవాటిలో ఒకటి ఇవ్వడం తెలివైన బేరం. ఒక్కటే ఉన్నదాన్ని ఇవ్వడానికి వేరే మనసు కావాలి. ఆ మనసుతోనే ఒక జీవితకాలపు సేకరణను, అక్షరాలా మూడు లక్షలకు పైగా ఉన్న కార్డులను, ఇచ్చి వెళ్ళిన ఒక మనిషి కథ ఈ నెల మా పాఠకులకు చెప్పాలని ఉంది. ఆయన కథ అమెరికాలో జరిగింది. కొంచెం వెనుకకు వెళ్ళి మొదలుపెట్టాలి.

19వ శతాబ్ది చివరలో అక్కడ సిగరెట్లు పలుచని కాగితపు పెట్టెలలో వచ్చేవి. లోపలి సరుకు నలగకుండా ఒక గట్టి అట్టముక్క పెట్టేవారు. ఖాళీగా ఉన్న అట్ట మీద బొమ్మ వేస్తే అమ్మకం పెరుగుతుందని వ్యాపారులు గ్రహించారు. బేస్‌బాల్ ఆటగాళ్ళు, నటీమణులు, పక్షులు, జెండాలు, అన్నీ ఆ అట్టల మీదికి ఎక్కాయి. పొగాకు వ్యాపారం మీద మాకు ఏ మక్కువా లేదు. ఆటగాళ్ళ కార్డులు పుట్టింది అక్కడేనన్నది మాత్రం చరిత్ర. పిల్లలు సిగరెట్లు కొనలేరు కనుక దుకాణాల బయట నిలబడి, పెట్టెతో బయటికి వచ్చే ప్రతి పెద్దమనిషినీ బొమ్మ ఇమ్మని అడిగేవారు. చాలామంది ఇచ్చేవారు. ముక్కూమొహం తెలియని పిల్లవాడి చేతిలో ఒక కార్డు పెట్టి తమ దారిన పోయేవారు. ఈ సరదాకు తొలి పెట్టుబడి ఆ అపరిచితుల దయే.

అలా 1909 నుండి 1911 వరకు అక్కడి పొగాకు సంస్థ ఒకటి 500కు పైగా బేస్‌బాల్ కార్డులు విడుదల చేసింది. వాటిలో హోనస్ వాగ్నర్ అనే ప్రసిద్ధ ఆటగాడి కార్డును ముద్రణ మొదలైన కొంతకాలానికే ఆపివేశారు. పిల్లలు తన బొమ్మ కోసం పొగాకు జోలికి పోవడం ఆయనకు నచ్చలేదని కొందరు, తగిన సొమ్ము ఇవ్వనందుకు వద్దన్నాడని మరికొందరు చెబుతారు. మొదటి కథే నిజం కావాలని మాకు ఉంటుంది. కారణం ఏదైనా, ఆ కార్డు ప్రతులు ఇప్పుడు పదుల సంఖ్యలోనే మిగిలాయి.

ఆ కార్డులు దుకాణాలలోకి వస్తున్న రోజులలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక పల్లె ప్రాంతంలో జెఫర్సన్ బర్డిక్ అనే పిల్లవాడు పెరుగుతున్నాడు. పుట్టింది 1900లో. అందరు పిల్లల వలెనే ఆయన కూడా కార్డులు పోగు చేశాడు. అందరూ పెద్దవారై మానేశారు, ఆయన మానలేదు. సిరక్యూజ్ పట్టణంలో విద్యుత్ సామగ్రి తయారుచేసే కర్మాగారంలో పనివాడిగా చేరారు. పెళ్ళి చేసుకోలేదు. ముప్ఫై ఏళ్ళు దాటేసరికే కీళ్ళవాతం పట్టుకుంది. వేళ్ళు వంకర తిరగసాగాయి, మెడ బిగుసుకుపోసాగింది. ఆయన బేస్‌బాల్ ఆట అభిమాని కూడా కారని చెబుతారు. మరి ఈ కార్డుల మీద ఆ ప్రేమ ఎందుకు? ఎవరూ ఎన్నిక చేయని వస్తువును ఒక క్రమంలో పెట్టి చూడాలన్న పట్టుదల కొందరికి పుట్టుకతో వస్తుంది. పంచాంగాలు, పెళ్ళి పత్రికలు, పాత ఉత్తరాలు కట్టలు కట్టి దాచే పెద్దలు మన ఇళ్ళలో మాత్రం లేరా?

ఆ కాలంలో కార్డులకు ఒక పేరంటూ లేదు. ఒకే కార్డును ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క విధంగా పిలిచేవారు. ఎక్కడో దూరాన ఉన్న సేకర్తకు 'నా దగ్గర ఫలానా కార్డు ఉంది, నీకు కావాలా?' అని ఉత్తరం రాయాలంటే, ఆ ఫలానా ఏదో చెప్పే మాట లేదు. బర్డిక్ ఆ మాటను తయారుచేశారు. 1937లో సేకర్తల కోసం ఒక చిన్న పత్రిక ప్రారంభించారు. 1939లో కార్డుల పట్టికను పుస్తకంగా అచ్చు వేయించారు. తరువాత దానినే పెంచి 'అమెరికన్ కార్డ్ క్యాటలాగ్' పేరుతో మళ్ళీ మళ్ళీ తెచ్చారు. పద్ధతి చాలా తేలిక. 20వ శతాబ్దపు పొగాకు కార్డులకు 'టి' అక్షరం, 19వ శతాబ్దపు వాటికి 'ఎన్', పాత మిఠాయి కార్డులకు 'ఇ', తరువాతి గమ్ కార్డులకు 'ఆర్'. అక్షరం పక్కన ఒక అంకె. వాగ్నర్ బొమ్మ ఉన్న ఆ 1909 నాటి వరుస 'టి 206' అయింది. ఇవాళ లక్షల డాలర్ల వేలంపాటలలోనూ దాన్ని అదే పేరుతో పిలుస్తారు. పిలిచేవారిలో ఎంతమందికి ఆ పేరు పెట్టిన కర్మాగారపు పనివాడు తెలుసో!

ఆ పట్టిక ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. దేశం నలుమూలల నుండి తోటి సేకర్తలు తమ దగ్గరున్న కార్డుల వివరాలు రాసి పంపారు. వారిలో చాలామంది ఒకరినొకరు చూసుకున్నవారు కారు. పోస్టులోనే పరిచయం, పోస్టులోనే స్నేహం. నాకు లేనివి ఇవి అని ఒక జాబితా వెళుతుంది. పది రోజులకు ఒక కవరు వస్తుంది. అడిగినవాటితో పాటు అడగనివి రెండు మూడు అదనంగా ఉంటాయి, చిన్న చీటీ ఉంటుంది. సేకర్తలలో ఈ మర్యాద ఇప్పటికీ ఉంది. తీసుకున్నదానికంటే ఒకటి ఎక్కువ పంపడం, పూర్తి వరుసకు చివరి ఒక్క కార్డు కోసం ఎదురుచూస్తున్నవాడికి వెల అడగకుండా పంపడం, కార్డుల సంతలలో పిల్లవాడు కనబడితే వ్యాపారి గుప్పెడు మామూలు కార్డులు చేతిలో పోయడం. జబ్బు పెరిగి బర్డిక్‌కు పత్రిక నడపడం కష్టమైనప్పుడు ఛార్లెస్ బ్రే అనే తోటి సేకర్త దానిని తన భుజాన వేసుకున్నారు.

ఇటువంటిదే ఇటలీలోనూ చూడవచ్చు. మోడెనా నగరంలో పనీని సోదరులు 1961లో ఫుట్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మల ఆల్బములు మొదలుపెట్టారు. బడి గోడ పక్కన ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా నిలబడి, ఒకడు కట్టలోని బొమ్మలు ఒక్కొక్కటే చూపుతుంటే రెండోవాడు 'ఉంది, ఉంది, లేదు' అంటూ ఏకబిగిన చెబుతాడు. ఆ 'లేదు' అన్న మాట దగ్గర ఆట ఆగుతుంది, మాట మొదలవుతుంది. ప్రపంచ కప్పు వచ్చిన ఏడాది బ్రెజిల్ కూడళ్ళలో తాతలు, మనుమలు, ఉద్యోగులు ఒకే చోట చేరి మార్చుకుంటారు. 2022లో అర్జెంటీనాలో ఈ బొమ్మల కొరత ఏర్పడినప్పుడు ప్రభుత్వ అధికారులే అమ్మకందారులను పిలిచి కూర్చోబెట్టవలసి వచ్చింది.

ఇక డబ్బు మాట. పెద్దలు ఈ సరదాను దండుగ అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. 1952లో టాప్స్ అనే గమ్ కంపెనీ తెచ్చిన బేస్‌బాల్ కార్డులు ఎన్నో అమ్ముడుపోక గోదాములో మూలిగాయి. 1960లో వాటిని పడవలో వేసుకుపోయి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించానని, ఆ కార్డులను రూపొందించిన సై బెర్గర్ తానే చెప్పుకున్నారు. అదే వరుసలోని మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022 ఆగస్టులో 1 కోటి 26 లక్షల డాలర్లకు పోయింది. మన లెక్కలో దాదాపు 100 కోట్ల రూపాయలు! ఈ వార్త చదివి, మూసిన పొట్లాలలో అదృష్టం వెతుకుతూ జేబు ఖాళీ చేసుకునే యువకులు ఎందరో ఉన్నారు. పొట్లం చింపి, ఖరీదైనది లేదని తెలియగానే తక్కినవి చెత్తబుట్టలో వేసే వాడిని మేము సేకర్త అని అనలేము. అతనికి చెప్పుకునే స్నేహితుడూ ఉండడు. ధర పెరిగే కొద్దీ కార్డు గాజు పలకల వంటి ప్లాస్టిక్ పెట్టెలోకి, అక్కడి నుండి బ్యాంకు లాకరులోకి పోతుంది. ఒకరి చేతి నుండి మరొకరి చేతికి పోదు.

బర్డిక్ చేసిన పని ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. 1947లో ఆయన న్యూయార్క్ నగరంలోని మెట్రొపాలిటన్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌కు తన సేకరణ మొత్తం ఇస్తానన్నారు. బేస్‌బాల్ కార్డులే 30 వేలకు పైగా. వాటితో పాటు వ్యాపార ప్రకటనల కార్డులు, పోస్టుకార్డులు, శుభాకాంక్షల కార్డులు. అప్పటికి అటువంటి సరుకును కళగా ఎంచే పెద్దలు అరుదు. ముద్రిత చిత్రాల విభాగం అధిపతి హయట్ మేయర్ మాత్రం దాని విలువ గుర్తించారు. తీసుకుంటాము గాని, వీటిని క్రమంలో పెట్టి ఆల్బములలో అతికించే పని మీరే చేయాలన్నారు. తెలిసినవాడు ఆయన ఒక్కరే మరి.

సిరక్యూజ్ నుండి న్యూయార్క్ నగరానికి దాదాపు 400 కిలోమీటర్లు. వంగని మెడతో, ముడుచుకుపోయిన వేళ్ళతో ఆయన వచ్చి పోతూ ఉండేవారు. మ్యూజియం వారు ఒక మూల చిన్న బల్ల వేసి ఇచ్చారు. అక్కడ కూర్చుని కార్డు తీయడం, దాని వరుస చూడడం, జిగురు రాయడం, పుటలో అతికించడం. మళ్ళీ ఇంకొకటి. 1959లో ఉద్యోగం మాని, ఆ పని కోసమే న్యూయార్క్ నగరానికి మకాం మార్చారు. కార్డుల లెక్క ఒకవైపు, దేహంలో మిగిలిన సత్తువ మరొకవైపు. ఏది ముందు అయిపోతుందో ఎవరూ చెప్పలేని పరిస్థితి. పని ముగియకముందే తాను పోతానేమోనన్న భయం ఆయనకు ఉండేది. అతికిస్తే కార్డు అమ్మకపు విలువ పడిపోతుందని తెలియని మనిషి కారు, వెలల పట్టిక రాసిందే ఆయన. అయినా అతికించారు. ఆల్బములు దాదాపు 400 అయ్యాయి.

1963 జనవరి 10న చివరి కార్డు పుటలోకి చేరింది. సాయంత్రం ఐదు గంటలకు బర్డిక్ లేచి, నొప్పితో మెలికలు తిరుగుతూ కోటు తొడుక్కుని, ఇక తాను రానని అక్కడివారితో చెప్పి బయటికి నడిచారు. మరునాడు ఆసుపత్రిలో చేరారు. మార్చి 13న కన్నుమూశారు.

ఆ మ్యూజియం తన గోడల మీద ఈ కార్డులను కొన్ని కొన్ని చొప్పున మార్చి మార్చి ప్రదర్శిస్తూ ఉంటుంది. చాలా కార్డుల చిత్రాలను ఎవరైనా ఇంట్లో కూర్చుని, పైసా కట్టకుండా చూడవచ్చు. మొన్న ఒక సెలవు రోజున మేము పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని వాటిని చూశాము. నారింజ రంగు మీద వాగ్నర్ ముఖం వచ్చింది. మా పెద్దవాడు వెంటనే దాని ధర ఎంతని అడిగాడు. అది అమ్మకానికి లేదని చెప్పాము. చిన్నది చాలాసేపు మౌనంగా చూసి, 'అన్ని అతికించేటప్పుడు ఆయన చేతులు నొప్పి పుట్టలేదా?' అని అడిగింది.

పుట్టాయనే చెప్పాము.