గుంపు కట్టి నడిచే కాన్సర్ కణాలు

మా ఇచ్చోడలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి నన్నొక ప్రశ్న అడిగింది. వాళ్ళ తాతకు నాలుక పక్కన పుండు లేచింది. తంబాకులో సున్నం నలిపి దవడన పెట్టుకోవడం ఆయనకు ఎన్నో ఏళ్ళ అలవాటు. ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరుగారు నోరు చూసి, ఆ తర్వాత మెడను రెండు వైపులా వేళ్ళతో చాలాసేపు నొక్కి చూశారట. "పుండు నోట్లో ఉంటే మెడ ఎందుకు చూసిండ్రు సార్?" అని ఆ అమ్మాయి సందేహం. చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబు తెలియాలంటే కాన్సర్ కణాలు ఒకచోటి నుండి మరొకచోటికి ఎలా ప్రయాణం చేస్తాయో తెలుసుకోవాలి.

నోటి లోపలి పొర ఉపకళా కణజాలంతో ఏర్పడిందని మీరు పాఠంలో చదివే ఉంటారు. ఇందులోని కణాలు గోడలో ఇటుకల్లాగా ఒకదానినొకటి అంటిపెట్టుకొని ఉంటాయి. ఇటుకల మధ్య సున్నంలాగా ఇక్కడ పనిచేసేవి కొన్ని ప్రోటీన్లు. వాటిలో ముఖ్యమైన దాని పేరు ఇ-కాడ్‌హెరిన్. ఇటువంటి కణాలు కదలవని అనుకొనేరు! మీరు ఆటలో పడి మోకాలు చెక్కుకుపోయిందనుకోండి. గాయం అంచున ఉన్న చర్మకణాలు చేయీ చేయీ పట్టుకొన్నట్లు ఒక పొరగా ముందుకు జరిగి ఆ ఖాళీని కప్పుతాయి. రెండువైపుల నుండి వచ్చిన కణాలు ఎదురుపడగానే ఆగిపోతాయి. ఆగడం తెలిసిన నడక అది. కాన్సర్ కణాలకు ఈ నడక వచ్చు, ఆగడం మాత్రం రాదు.

పొగాకులోని విషపదార్థాలు ఏళ్ళ తరబడి తగిలితే నోటికణాల లోపలి డి.ఎన్.ఎ. దెబ్బతింటుంది. (శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల్లో కొందరు, ముఖ్యంగా స్త్రీలు, చుట్టను నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకొని కాల్చేవారు. దీనిని అడ్డపొగ అంటారు. దీనివల్ల అంగిట్లో కాన్సర్ వస్తుందని విశాఖపట్నం వైద్యులు 1950లలోనే గుర్తించారు.) అలా దెబ్బతిన్న కణాలు అదుపు లేకుండా విభజన చెంది గడ్డగా పెరుగుతాయి. గడ్డ పెరగడం ఒక ఎత్తు, అది కదిలి లోపలికి చొరబడడం మరొక ఎత్తు. కాన్సర్ వల్ల కలిగే మరణాలలో ఎక్కువ భాగం మొదటి గడ్డ వల్ల కాదు, అది శరీరంలో మరోచోటికి పాకడం వల్లనే.

ఉపకళ కింద ఒక పలుచని పొర, దాని కింద కొల్లాజెన్ అనే ప్రోటీన్ నారలు అడవిలో తీగల్లాగా అల్లుకొని ఉంటాయి. ఈ అడవిలో దారి ఎవరు తీస్తారు? గుంపులో ముందున్న కొన్ని కణాలు. వీటిని నాయక కణాలు అంటారు. ఇవి కాళ్ళవంటి పొడవులు చాచి నారలను పట్టుకొంటాయి, కొన్ని ఎంజైములను వదిలి అడ్డమైన నారలను కత్తిరిస్తాయి. వెనక ఉన్న కణాలు ముందువాటిని వదలకుండా అదే దారిన వస్తాయి. నోటి కాన్సర్ ముక్కను సూక్ష్మదర్శిని కింద చూస్తే గడ్డ అంచు నుండి కణాల బారులు వేళ్ళలాగా కండరంలోకి దిగి ఉండడం చాలాసార్లు కనిపిస్తుంది. ఒంటరిగా విడిపోయి పోయే కాన్సర్ కణాలు కూడా ఉన్నాయి. చాలాకాలం శాస్త్రజ్ఞుల దృష్టి ఎక్కువగా వాటి మీదనే ఉండేది.

గుంపుగా పోవడం వల్ల లాభం ఏమిటి? మా వైపు వానాకాలంలో వాగు పారుతుంటే ఒక్కరే దాటడానికి జంకుతారు. నలుగురైదుగురు చేతులు గట్టిగా పట్టుకొని, ముందువాడు కర్రతో లోతు చూస్తూ దాటుతారు. కాన్సర్ కణానికి రక్తప్రవాహం అటువంటి వాగే. ప్రవాహపు ఒరిపిడి ఒకవైపు, వెంటాడే తెల్లరక్తకణాలు మరొకవైపు. ఒంటరి కణాలలో చాలా భాగం అక్కడే చచ్చిపోతాయి.

2014లో అమెరికాలోని బోస్టన్ శాస్త్రజ్ఞులు ఎలుకల మీద రొమ్ము కాన్సర్ ప్రయోగాలు చేశారు. రక్తంలో తిరిగే కాన్సర్ కణాలలో గుంపుల వంతు నూటికి 2 నుండి 5 మాత్రమే. అయినా కొత్తచోట గడ్డ మొలిపించే శక్తి ఒంటరి కణాలకంటే ఈ గుంపులకు 23 నుండి 50 రెట్లు ఎక్కువ! 2016లో బాల్టిమోర్ శాస్త్రజ్ఞులు ఇంకొక ఉపాయం పన్నారు. ఎలుకల గడ్డలోని కణాలకు రకరకాల రంగులు వచ్చేట్లు చేశారు. కొత్తచోట మొలిచే గడ్డ ఒకే కణం నుండి పుడితే ఒకే రంగులో ఉండాలి గదా? నూటికి 90కి పైగా గడ్డలు రంగురంగులుగా ఉన్నాయి. అంటే, అనేక కణాలు కలిసి ప్రయాణం చేసి కలిసే దిగాయన్నమాట.

ఇక్కడ మీకొక అనుమానం రావాలి. రక్తకేశనాళికల వెడల్పు 5 నుండి 10 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంత సన్నని దారిలో గుంపు ఇరుక్కోదా? ఇరుక్కొంటుందనే చాలామంది అనుకొన్నారు. కాని 2016లోనే, అంత సన్నని కృత్రిమ నాళాల్లోకి పంపి చూస్తే, గుంపులు తలుపు దగ్గర బడిపిల్లల్లాగా ఒకదాని వెనక ఒకటిగా వరుస కట్టి దూరి, అవతల మళ్ళీ ముద్దకట్టాయి.

మరి ఆ పట్టును విడదీస్తే? డిజాక్సిన్ అనే పాత గుండెమందుకు ఈ శక్తి ఉన్నట్లు ప్రయోగశాలలో కనబడింది. స్విట్జర్లండులో రొమ్ము కాన్సర్ పాకిన 9 మంది స్త్రీలకు దానిని ఇచ్చి చూసి, ఆ ఫలితాలను 2025లో ప్రకటించారు. గుంపుల పరిమాణం సగటున రెండు కణాల వంతున తగ్గింది. ఇది చికిత్స కాదు, చికిత్స వైపు ఒక చిన్న అడుగు మాత్రమే.

ఇక మెడ సంగతి. నోటి నుండి బయలుదేరిన కణాలకు రక్తనాళాలకంటే దగ్గరి దారి శోషరస నాళాలు. అవి చేరేది మెడలోని శోషరస గ్రంథులకు. వడపోసే జల్లెళ్ళవంటి ఈ గ్రంథులలో కాన్సర్ కణాలు మొదట మకాం వేస్తాయి. అవి అక్కడికి చేరాయంటే రోగి బతికే అవకాశం దాదాపు సగానికి పడిపోతుంది. డాక్టరుగారి వేళ్ళు వెతికింది వాటినే. అయితే వేళ్ళకు అందనంత చిన్న గుంపులూ ఉంటాయి. ముంబాయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు, నోటి కాన్సర్ తొలిదశలో ఉండి మెడలో ఏమీ తగలని 500 మంది ఫలితాలను 2015లో ప్రకటించారు. గడ్డతోబాటు మెడ గ్రంథులను కూడా ముందే తీసివేసినవారిలో మూడేళ్ళ తర్వాత నూటికి 80 మంది బతికి ఉన్నారు. మెడలో వాపు కనబడేదాకా ఆగినవారిలో 67.5 మందే.

మీ మెడ తడుముకొని భయపడకండి. పన్నునొప్పికీ గొంతునొప్పికీ కూడా ఈ గ్రంథులు వాచి నొప్పి పెడతాయి, తర్వాత తగ్గిపోతాయి. కాన్సర్ చేరిన గ్రంథి సాధారణంగా గట్టిగా ఉంటుంది, మొదట్లో నొప్పి ఉండదు. నోటి పుండు సంగతీ అంతే. నొప్పి లేదు గదా అని పెద్దలు ఊరుకొంటారు. మూడు వారాలు దాటినా మానని పుండును, తెల్లని లేదా ఎర్రని మచ్చను ఇంట్లో ఎవరి నోట్లో చూసినా డాక్టరుకు చూపించమని పట్టుబట్టండి.

ఆ అమ్మాయి తాతకు ఆపరేషను అయింది. ఆయన మెడలో డాక్టరుగారి చేతికి ఏమీ తగలలేదు. అయినా తీసిన గ్రంథులను సూక్ష్మదర్శిని కింద పరీక్షిస్తే, ఒక గ్రంథిలో ఒక చిన్న గుంపు కనబడింది.