నేలలోని వాయువు ఎవరి సంపద?

శోళవరం మీదుగా సాగే చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారిపై చమురు ట్యాంకర్లను చూడనివారు ఉండరు. వాటిలోని ఇంధనం ఎక్కడిది? మన దేశానికి కావలసిన ముడి చమురులో నూటికి 85 పాళ్లకు పైగా, సహజవాయువులో సుమారు సగం విదేశాల నుండే వస్తున్నాయి. 1965లో మద్రాసు రిఫైనరీస్ పేరిట ఏర్పడిన మణలి చమురు శుద్ధి సంస్థలో ఆనాడు ఇరాన్ జాతీయ చమురు సంస్థ కూడా భాగస్వామి. 2019లో ఎన్నూరు రేవులో ప్రారంభమైన ద్రవ సహజవాయు కేంద్రానికి ఏటా 50 లక్షల టన్నుల దిగుమతిని స్వీకరించే సామర్థ్యం కలదు. ప్రపంచంలో ఎక్కడ యుద్ధం వచ్చినా ధర పెరిగి, ఆ భారం చివరకు వంటింటి మీద, పొలంలో చల్లే ఎరువు మీద పడుతుంది.

అందువలన స్వదేశంలో లభించే వాయువు విలువైనదే. కానీ ఆ విలువ ఎవరికి చేరుతుంది? ఇదే రహదారి ఉత్తరాన గోదావరిని దాటుతుంది. ఆ డెల్టా అనుభవం ఈ ప్రశ్నకు చక్కని పాఠం.

కృష్ణా - గోదావరి బేసిన్‌లో 1978లో నరసాపురం వద్ద తొలి వాయు నిక్షేపం బయటపడింది. తరువాత రాజోలు ప్రాంతంలో అనేక బావులు తవ్వారు. ఆ వాయువు ఆధారంగా 1992లో కాకినాడలో ఎరువుల కర్మాగారం పని ప్రారంభించింది. 2001లో తాటిపాకలో ఒక చిన్న చమురు శుద్ధి కేంద్రం వెలసింది. వాయువు స్థానికంగా పరిశ్రమలను పోషించగలదని ఇవి నిరూపించాయి.

సముద్రగర్భంలోని వాయువు కథ వేరు. 2002లో కనుగొన్న డి-6 క్షేత్రంలో 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. 2010 నాటికి అది రోజుకు సుమారు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరింది. దానిని నమ్ముకొని గోదావరి జిల్లాలలో వేల కోట్ల రూపాయల బ్యాంకు రుణాలతో విద్యుత్ కేంద్రాలు నిర్మించారు. అయితే ఉత్పత్తి వేగంగా పడిపోయింది. 2013 మార్చి నుండి ఆ కేంద్రాలకు డి-6 వాయువు పూర్తిగా ఆగిపోయింది. యంత్రాలు మూలనపడ్డాయి, వడ్డీ మాత్రం ఆగలేదు. 2020 డిసెంబరులో అదే క్షేత్రంలోని కొత్త బావుల నుండి ఉత్పత్తి మళ్లీ మొదలైనా, పోయిన కాలం తిరిగి రాదు. అంచనాలోని నిల్వ వేరు, గొట్టంలోకి వచ్చిన వాయువు వేరు.

రాబడి పంపకంలోనూ తేడా కలదు. నేలమీది బావులపై రాయల్టీ రాష్ట్రానికి చెందుతుంది. సముద్రంలోని బావులపై వచ్చేది కేంద్రానికి చెందుతుంది. బొగ్గు, ఇనుము తవ్వే జిల్లాలకు 2015 నుండి జిల్లా ఖనిజ నిధి ఉన్నది. చమురు, సహజవాయువులకు ఆ నిధి వర్తించదు. అంటే బావి పక్కనున్న గ్రామానికి చట్టప్రకారం నేరుగా వచ్చే వాటా లేదు.

ప్రమాదం మాత్రం ఆ గ్రామానిదే. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో ఎగసిన మంట 65 రోజులు ఆరలేదు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో వాయు గొట్టం పేలి 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఎన్నూరు ప్రాంతానికీ ఈ బాధ తెలియనిది కాదు. 2023 డిసెంబరు తుపాను వరదలో చమురు తెట్టు క్రీకును కప్పగా జాలరుల వేట నిలిచిపోయింది. కావేరి డెల్టా రైతుల ఆందోళన వలన తమిళనాడు ప్రభుత్వం 2020లో ఆ ప్రాంతాన్ని రక్షిత వ్యవసాయ మండలంగా చట్టం చేసి, కొత్త చమురు, వాయు అన్వేషణను నిషేధించింది.

వాయువును తవ్వడమా, మానడమా అనే రెండు మాటలతో ఈ చర్చ ముగియదు. దిగుమతి తగ్గాలంటే తవ్వక తప్పదు. అయితే చేతికి వచ్చిన వాయువును బట్టియే పరిశ్రమలకు అప్పులివ్వాలి. గొట్టాల భద్రతను తనిఖీ చేసి ఆ ఫలితాలను ప్రజల ముందుంచాలి. ఖనిజ నిధి వంటి వాటా బావి ఉన్న ఊరికి దక్కాలి. మంట సెగ తగిలే ఊరికి దాని వెలుగులోనూ భాగం ఉండటం న్యాయం.