కొత్త ఓడకు పాత ఫిరంగులు

పిల్లలూ, మీలో చాలామంది కంప్యూటరు మీద యుద్ధనౌకల ఆట ఆడుతూ ఉంటారు. 'వరల్డ్ ఆఫ్ వార్‌షిప్స్' అనే ఆ ఆట 2015లో బయటికి వచ్చింది. అందులోకి కొత్త ఓడ వచ్చినప్పుడల్లా మీ మధ్య పెద్ద వాదం బయలుదేరుతుంది. "దీని ఫిరంగులు పెద్దవి" అంటాడొకడు. "దాని కవచం మందం" అంటాడు ఇంకొకడు. ఈలోగా మూడోవాడు నాన్నగారి దగ్గరికి వెళ్ళి ఆ ఓడ కొనిపెట్టమని మారాం మొదలుపెడతాడు. ఎందుకంటే, అందులో కొన్ని ఓడలను నిజమైన డబ్బిచ్చి కొనాలి. కొనేముందు ఓడ మంచిదో కాదో తేల్చుకోవాలి గదా! ఏళ్ళ తరబడి బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి గనక, ఇట్లాంటి వాదం వింటే నాకు చేతిలో సుద్దముక్క లేదే అనిపిస్తుంది.

ఉదాహరణకు వాన్‌గార్డ్ అనే బ్రిటిషు యుద్ధనౌకను తీసుకుందాం. ఆటలో ఇది ఎనిమిదవ తరగతి ఓడ. పొడవు 248 మీటర్లు. ఫిరంగులు ఎనిమిది, ఒక్కొక్క బురుజులో రెండేసి చొప్పున నాలుగు బురుజులు. ఫిరంగి నోటి వెడల్పు 381 మిల్లీమీటర్లు, అంటే 15 అంగుళాలు. పక్కన జపాను వారి యమాటోను పెట్టి చూస్తే ఇది చిన్నబోతుంది. దాని ఫిరంగులు 460 మిల్లీమీటర్లవి. మన కుర్రవాడు ఇక్కడే పెదవి విరుస్తాడు. కాని ఒక్క అంకె చూసి పెదవి విరిచేవాడికి నేనయితే మార్కులు వెయ్యను.

గుండు దెబ్బ ఎంత బలమైనదో తెలియాలంటే నోటి వెడల్పు ఒక్కటీ చాలదు. గుండు బరువూ, వేగమూ కూడా కావాలి. మీ సైన్సు పుస్తకంలో గతిశక్తి సూత్రం ఉన్నది: బరువును వేగం వర్గంతో గుణించి సగం చెయ్యాలి. వాన్‌గార్డ్ గుండు బరువు 879 కిలోలు. ఫిరంగి నోటి నుంచి సెకనుకు సుమారు 749 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. లెక్క కడితే ఇంచుమించు 24 కోట్ల 66 లక్షల జౌళ్ళు. యమాటో గుండు 1,460 కిలోలు, వేగం 780 మీటర్లు. దాని శక్తి 44 కోట్ల 40 లక్షల జౌళ్ళు. ఈ కోట్లు బుర్రకెక్కకపోతే ఇట్లా చూడండి. పది టన్నుల బస్సు ఒకటి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వస్తున్నదనుకోండి. దాని శక్తి సుమారు 13 లక్షల 90 వేల జౌళ్ళు. అంటే వాన్‌గార్డ్ గుండు ఒక్కటి 177 బస్సుల పెట్టు, యమాటో గుండు 320 బస్సుల పెట్టు! దూరం పోయినకొద్దీ గాలి అడ్డుపడి ఈ బలం తగ్గుతుందనుకోండి, అది వేరే మాట.

ఇక కవచం సంగతి. ఓడ ఒడ్డు మీద అంతటా ఒకే మందం ఉక్కు తొడగరు. తొడిగితే ఓడ తేలదు. మందుగుండు కొట్లు, యంత్రాలు ఉన్న నడిభాగానికి మాత్రం మందమైన పట్టీ వేసి, ముక్కునూ తోకనూ పలచగా వదిలేస్తారు. వాన్‌గార్డ్‌కు మందుగుండు కొట్ల పక్కన 356 మిల్లీమీటర్లు, యంత్రాల పక్కన 330 మిల్లీమీటర్లు. ఆటలో ఓడ రేవులో నిలిచి ఉన్నప్పుడు ఈ కవచాన్ని పొరలు పొరలుగా రంగులతో చూపించే ఏర్పాటు ఉన్నది. కొత్త ఓడ రాగానే చాలామంది ఫిరంగులు తిప్పి చూసుకుని మురిసిపోతారు గాని, ఆ పొరలు విప్పి చూసేవారు తక్కువ. ముందు చూడవలసింది అదే.

అందులోనూ మందం ఒక్కటే చూస్తే చాలదు, వాలు చూడాలి. రొట్టెను నిలువుగా కోసినదానికంటె ఏటవాలుగా కోసినప్పుడు కత్తి ఎక్కువ దూరం పోవాలి. ఉక్కు కూడా అంతే. యమాటో పక్క కవచం 410 మిల్లీమీటర్లు. దాన్ని 20 డిగ్రీలు వాల్చి పెట్టారు. 410ని 20 డిగ్రీల కొసైనుతో, అంటే 0.94తో భాగిస్తే 436 వస్తుంది. ఎదురుగా సూటిగా వచ్చే గుండుకు అది 436 మిల్లీమీటర్ల గోడ అన్నమాట. వాలు 60 డిగ్రీలయితే కొసైను సగమే గనక మందం రెట్టింపవుతుంది. ఆటలో నేర్పరి అయినవాడు శత్రువుకు తన ఓడ పక్కభాగం పూర్తిగా చూపించడు. ముక్కును కొంచెం తిప్పి, ఓడను ఏటవాలుగా నిలుపుతాడు. కొసైను పేరు వినకపోయినా వాడు కొసైను లెక్కే చేస్తున్నాడు.

ఆటలో గుండు జారిపోవడానికి ఒక నియమం పెట్టారు. పలకకు లంబంగా గీసిన గీత నుంచి 45 డిగ్రీల లోపల తగిలితే గుండు జారదు. సాధారణంగా 60 దాటితే తప్పక జారిపోతుంది. మధ్యలో అయితే అదృష్టం. కాని దీనికి మినహాయింపు ఉన్నది: గుండు వెడల్పు పలక మందానికి 14.3 రెట్లు మించితే ఏ వాలూ పనిచెయ్యదు, గుండు దూసుకుపోతుంది. ఇప్పుడు వాన్‌గార్డ్ 381ని 14.3తో భాగించండి. 26.6 వస్తుంది. అంటే 26 మిల్లీమీటర్ల ముక్కు ఉన్న ఓడ ఎట్లా తిరిగినా దీని గుండును ఆపలేదు. 27 ఉన్నదంటే ఆపగలదు. పై తరగతి యుద్ధనౌకల ముక్కు పలక సాధారణంగా 32 మిల్లీమీటర్లు. అందుచేత వాటి ముక్కు మీద మన గుండ్లు టంగుటంగున ఎగిరిపోతాయి. యమాటో 460ని 14.3తో భాగిస్తే 32.17. అది 32ను కూడా దూసుకుపోతుంది. ఇక్కడొక తమాషా ఉన్నది. 18 అంగుళాల ఫిరంగి, అంటే 457 మిల్లీమీటర్లది తీసుకోండి. భాగిస్తే 31.96! అరమిల్లీమీటరు పైచిలుకు తక్కువై అది 32 దగ్గర ఆగిపోతుంది. సముద్రం మీద ఏ ఉక్కూ ఇట్లా అరమిల్లీమీటరుకు బుద్ధి మార్చుకోదు. ఇది ఆట కట్టినవారు పెట్టుకున్న నియమం. దాన్ని వారు అప్పుడప్పుడు మారుస్తూ కూడా ఉంటారు. కొనేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

దిట్టమైన కవచాన్ని తొలిచే గుండు పలచని ఓడకు తగిలితే ఏమవుతుంది? ఓడ ముక్కలవుతుందనుకుంటారు. కాదు! ఆటలో అట్లాంటి గుండు కవచం తాకిన తరువాత సాధారణంగా సెకనులో వెయ్యింట 33 వంతులకు పేలుతుంది. అప్పటికింకా దాని వేగం 500 మీటర్లుంటే, ఈలోపల 16 మీటర్లు ముందుకు పోతుంది. సన్నని ఓడయితే అవతలి పక్క నుంచి బయటపడి నీళ్ళలో పేలుతుంది. ఇది కల్పన కాదు. 1944 అక్టోబరు 25న సమర్ దీవి దగ్గర జపాను యుద్ధనౌకల గుండ్లు కొన్ని అమెరికావారి పలచని ఓడలకు ఒకపక్క దూరి, పేలకుండానే రెండోపక్క నుంచి వెళ్ళిపోయినవి.

సరే, వాన్‌గార్డ్‌కు ఈ 15 అంగుళాల ఫిరంగులే ఎందుకు పెట్టారు? దీని వెనక మంచి కథ ఉన్నది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటన్‌వారు కరేజియస్, గ్లోరియస్ అని రెండు ఓడలు కట్టారు. ఒక్కొక్క దానికి రెండేసి బురుజులు. తరువాత వాటిని విమానాలు మోసే ఓడలుగా మార్చినప్పుడు ఆ నాలుగు బురుజులూ ఊడదీసి దాచారు. రెండవ ప్రపంచయుద్ధం ముంచుకు వచ్చేసరికి 16 అంగుళాల ఫిరంగులతో లయన్ అనే కొత్త తరగతి ఓడలు కట్టాలని వారి ఆలోచన. కాని పెద్ద యుద్ధనౌకలో అన్నిటికంటె ఆలస్యంగా తయారయ్యేవి ఫిరంగులూ, వాటి బురుజులే. ఓడ ఎదుట శత్రువు ఉన్నాడు, కొత్తవాటికోసం ఎంతకాలం చూస్తారు? కొట్లో నాలుగు బురుజులు సిద్ధంగా ఉన్నవి. వాటి చుట్టూ ఓడ కడితే త్వరగా దిగుతుంది గదా అనుకున్నారు.

పాతవాటిని ఉన్నవున్నట్టు పెట్టలేదు లెండి. బురుజుల ముందు పలకలను 330 మిల్లీమీటర్లకు పెంచారు, పైకప్పు మందం చేశారు. ఫిరంగి 20 డిగ్రీలు పైకి లేచేదాన్ని 30 డిగ్రీలు లేచేటట్టు మార్చారు. దాంతో గుండు ఇంకా దూరం పోతుంది. ఈ రకం ఫిరంగి గురి సంగతి అంటారా? 1940 జూలై 9న కలాబ్రియా దగ్గర వార్‌స్పైట్ అనే ఓడ ఇదే రకం ఫిరంగితో సుమారు 24 కిలోమీటర్ల దూరాన పరుగెడుతున్న ఇటలీ ఓడ జూలియో చెజారేను కొట్టింది. తానూ పరుగెడుతూ కొట్టింది!

అయితే ఈ ఫిరంగులే ఉన్న మరో ఓడ కథ కూడా చెప్పకపోతే అన్యాయం. దాని పేరు హుడ్. చూడడానికి అందమైన ఓడ, బ్రిటన్‌వారికి గర్వకారణం. పక్క కవచం మంచిదేగాని పైకప్పు పలకలు పలచన. 1941 మే 24న జర్మనీవారి బిస్మార్క్‌తో తలపడ్డది. వెనుకనున్న మందుగుండు కొట్లు పేలి కొద్ది నిమిషాలలో మునిగిపోయింది. అందులో ఉన్న 1,418 మందిలో బతికి బయటపడినవారు ముగ్గురు. ఆటలో ఓడ మునిగితే మరో పందెంలో మళ్ళీ వస్తుంది. 'పైకప్పు కవచం' అనే అంకె తెర మీద ఒక మూల చిన్న అక్షరాలలో కనిపిస్తుంది. ఆ మూల కూడా చదవమని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

మరి కొనవచ్చునా అంటే, నా తీర్పు ఇది. ముక్కు ఎదురుగా పెట్టుకుని పై తరగతివారితో పోరాడదామనుకునేవాడికి ఈ ఓడ వద్దు. దాని గుండు అక్కడ చాలదు. ఓపికగా కాచుకుని, ఎదుటివాడు పక్కకు తిరిగినప్పుడు కొట్టేవాడికి పనికివస్తుంది. తల్లిదండ్రులకు ఒక మాట: కుర్రవాడు డబ్బడిగినప్పుడు వద్దనో సరేననో వెంటనే అనకండి. పైన చెప్పిన భాగహారాలు కాగితం మీద చేసి చూపించమనండి. చేసి చూపించిన తరువాత కూడా కావాలంటున్నాడంటే, కనీసం తనకేం కావాలో తెలిసి అడుగుతున్నాడు.

వాన్‌గార్డ్ నిర్మాణం 1941 అక్టోబరులో మొదలయింది. 1944 నవంబరు 30న ఎలిజబెత్ రాకుమారి దాన్ని నీళ్ళలోకి దింపింది. పని పూర్తయి కొలువులో చేరేసరికి 1946 మే నెల వచ్చింది. త్వరకోసం పాత ఫిరంగులు పెట్టారు, అయినా యుద్ధం ముందే అయిపోయింది! 1947లో ఆరవ జార్జి రాజును, ఆయన కుటుంబాన్ని దక్షిణాఫ్రికాకు తీసుకువెళ్ళింది. ఆ ఎనిమిది ఫిరంగులూ దాని మీద నుంచి ఒక్క శత్రువునైనా కొట్టలేదు. 1960 ఆగస్టు 4న తుక్కు కింద విరగ్గొట్టడానికి లాక్కుపోతూ ఉంటే, పోర్ట్స్‌మత్ రేవు ముఖద్వారం దగ్గర ఒక పూటకూళ్ళ ఇంటి ఎదుట నేలను పట్టేసి కదలనన్నది. చిన్న పడవలు నాలుగు పక్కలా తగులుకుని దాన్ని మళ్ళీ లాగినవి. స్కాట్లండులోని ఫాస్లేన్‌లో ముక్కలు చేశారు. ఆ రకం ఫిరంగులు ఇప్పటికీ చూడవచ్చు. లండన్‌లో ఇంపీరియల్ వార్ మ్యూజియం వాకిట్లో రెండు పక్కపక్కనే నిలిచి ఉన్నవి. అవి వాన్‌గార్డ్‌వి కావు. రామిలీస్, రిజల్యూషన్ అనే ఓడలవి.