తెర ఇవతల, తెర అవతల

ఒక పెద్ద హాలు. వేదిక మీద అడ్డంగా ఒక తెర. ఇవతల న్యాయనిర్ణేతలు కూర్చుని ఉంటారు. అవతల ఒక కుర్చీ, ఒక స్టాండు, వాయించడానికి వచ్చిన ఒక మనిషి. ఆ మనిషికి అక్కడ పేరుండదు, నంబరు మాత్రమే ఉంటుంది. ఆడో మగో, నల్లవారో తెల్లవారో, ఏ గొప్ప గురువు దగ్గర నేర్చుకున్నారో ఇవతలివారికి తెలియదు. అడుగుల చప్పుడును బట్టి కూడా పోల్చుకోకూడదని కొన్నిచోట్ల నడిచే దారిలో తివాచీ పరుస్తారు. అమెరికాలోని పెద్ద ఆర్కెస్ట్రాలు వాద్యకారులను ఎంచుకునే పద్ధతి ఇది. ఒక్క ఖాళీకి వందమందికి పైగా పోటీపడటం అక్కడ మామూలే. చిన్ననాటి నుంచి రోజూ గంటల తరబడి సాధన చేసినవారికి కూడా తొలి విడతలో దక్కేవి కొద్ది నిమిషాలే. మధ్యలో 'థ్యాంక్యూ' అని వినబడిందంటే వాద్యం సర్దుకుని ఇంటికి వెళ్లాల్సిందే.

బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా 1952లోనే ఇలా తెర కట్టి పరీక్ష పెట్టింది. తర్వాతి దశాబ్దాల్లో మిగతావీ ఆ దారి పట్టాయి. 1970లో అమెరికాలోని ఐదు అగ్రశ్రేణి ఆర్కెస్ట్రాల్లో స్త్రీలు నూటికి ఐదుగురు కూడా లేరు. 1990ల చివరికి నూటికి పాతికమంది దాకా అయ్యారు. సంగీత విద్యాలయాల్లో చేరే స్త్రీల సంఖ్య పెరగడం కూడా ఇందుకు కారణమే. మార్పులో తెర వాటా ఎంత అన్నదానిపై పరిశోధకుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. కాని కళ్లు చేసే పక్షపాతాన్ని చెవులు చేయకుండా తెర కొంత ఆపిందన్నది మాత్రం కాదనలేం.

1980లో జర్మనీలోని మ్యూనిక్ ఫిల్హార్మోనిక్ ట్రాంబోన్ వాద్యకారుని కోసం తెర చాటున పోటీ పెట్టింది. అందరికంటే బాగా వాయించిన అభ్యర్థి తెర ఇవతలికి వస్తే, చూసినవారు ఆశ్చర్యపోయారు. ఆమె ఆబీ కొనాంట్ అనే అమెరికన్ మహిళ. ఉద్యోగమైతే ఇచ్చారు గాని, కొంతకాలానికే ఆమెను మొదటి స్థానం నుంచి రెండో స్థానానికి దించారు. ఆమె కోర్టుకు వెళ్లింది. తన ఊపిరితిత్తులకు తగిన బలముందని వైద్య పరీక్షలతో రుజువు చేసుకోవలసి వచ్చింది. చివరికి గెలిచింది, కాని అందుకు ఏళ్లు పట్టాయి. తెర ఉన్నంతసేపు న్యాయం జరిగింది. తెర తీయగానే పాత చూపు తిరిగివచ్చింది!

మనుషుల చూపు సంగతి బైబిలుకు కొత్త కాదు. యెష్షయి ఇంట కాబోయే రాజును అభిషేకించడానికి వచ్చిన సమూయేలు అంతటి ప్రవక్త కూడా ఏలీయాబు ఎత్తును, రూపాన్ని చూసి ఇతడే అయి ఉంటాడనుకున్నాడు. మనుషులు పైరూపాన్ని చూస్తారనీ, తాను హృదయాన్ని చూస్తాననీ దేవుడు ఆయనకు బోధించవలసి వచ్చింది (1 సమూ 16:7). దేవునికి తెర అక్కరలేదు. మనకే కావాలి.

ఈ తెర గురించి చదివిన ఉత్సాహంలో మేమూ ఒకసారి దాన్ని కట్టి చూశాం. 2006లో ఒక సంఘంలో క్వయర్ బాధ్యత మా చేతిలో ఉండేది. క్రిస్మస్ దగ్గర పడుతోంది. కీబోర్డు వాయించడానికి నలుగురు ముందుకొచ్చారు. వారిలో ఒకతను ఏడేళ్లుగా ప్రతి ఆదివారం వాయిస్తున్నవాడే. ఎక్కడా నేర్చుకోలేదు, విని పట్టుకున్న విద్య. మరొకడు కొత్తగా వచ్చిన ఇంజినీరింగు విద్యార్థి. పద్ధతిగా నేర్చుకుని, గ్రేడు పరీక్షలు పాసైనవాడు. ఎవరి మాటా పడకుండా న్యాయంగా చేద్దామని రెండు దుప్పట్లు కలిపి తెర కట్టాం. పక్క సంఘం నుంచి ఒక పెద్దను కూడా పిలిచాం. నంబర్లిచ్చాం. అందరూ ఒకే రెండు పాటలు వాయించారు. మార్కులు కూడి చూస్తే ఇంజినీరింగు కుర్రవాడు మొదట నిలిచాడు.

ఆ ఆదివారమే ఆరాధనలో మైకులో ఫలితం ప్రకటించాం. సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఏడేళ్లు వాయించిన అబ్బాయి మూడో వరుసలో కూర్చుని ఉన్నాడు. ముగింపు ప్రార్థనకు అందరూ కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి అతని కుర్చీ ఖాళీగా ఉంది. మరుసటి ఆదివారం రాలేదు. క్రిస్మస్‌కూ రాలేదు.

పండుగ పనులన్నీ అయ్యాక గాని మాకు తీరిక దొరకలేదు. ఇంటికి వెళితే అతను బయటికి రాలేదు. వాళ్లమ్మ గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

"వాడి కంటే ఆ పిల్లాడు బాగా వాయిస్తే వాయించనీయండి అయ్యగారూ, మాకేం బాధ లేదు. కాని ఏడేళ్లు వాయించినవాడు తనను తీసేసిన సంగతి అందరితో పాటు మైకులో విన్నాడు. ముందుగా ఇంటికొచ్చి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది కదయ్యా?"

మా దగ్గర జవాబు లేదు. పరీక్ష న్యాయంగా పెట్టామన్న ధీమాలో ఉన్నాం మేము. తెర ఎంపికను న్యాయంగా చేయగలదు. ఓడిపోయినవాడి వెంట ఇంటిదాకా నడవలేదు. ఆ నడక మనుషులు నడవాలి. మేము నడవలేదు.

ఆలయంలో పాడేవారినీ, వాయించేవారినీ దావీదు ఎలా ఏర్పాటు చేశాడో అప్పుడు మళ్లీ చదివాం. ఆసాపు, హేమాను, యెదూతూనుల కుటుంబాల్లో నేర్పరులు 288 మంది (1 దిన 25:7). అంటే నేర్పు అక్కరలేదని బైబిలు ఎక్కడా చెప్పదు. కెనన్యాకు పాట నేర్పే పని అప్పగించింది కూడా అతనికి అది బాగా వచ్చు గనుకనే (1 దిన 15:22). సంఘంలో వాయించేవారికి పరీక్ష పెట్టడం పాపమేమీ కాదు. కాని ఆ 288 మందిలో ఎవరు మొదటివారో తేల్చడానికి దావీదు వారి మధ్య పోటీ పెట్టలేదు. చీట్లు వేయించాడు. చిన్నాపెద్దా, గురువూ శిష్యుడూ అన్న తేడా లేకుండా వేయించాడు (1 దిన 25:8). పన్నెండేసి మంది చొప్పున ఇరవై నాలుగు వంతులయ్యాయి. ఎవరి వంతు ముందొచ్చినా, ఎవరిది వెనకొచ్చినా ఆలయంలో అందరికీ వంతుంది!

పోటీ మనసులోకి దిగితే ఏమవుతుందో చెప్పడానికి కూడా అదే ఇంటి కథ ఉంది. సౌలు బాధలో ఉన్నప్పుడు నేర్పుగా వాయించేవాణ్ణి వెదికి తెచ్చారు. ఆ వచ్చినవాడు దావీదు. అతను వాయిస్తుంటే సౌలుకు నెమ్మది కలిగేది (1 సమూ 16:23). తర్వాత ఊరి స్త్రీలు తమ పాటలో సౌలుకు వేలు, దావీదుకు పదివేలు లెక్క కట్టారు. ఆ లెక్క సౌలు చెవిలో పడింది. నెమ్మదినిచ్చిన అదే వాద్యం మోగుతుండగా సౌలు చేతిలోని ఈటె లేచింది (1 సమూ 18:7-11). వాద్యం మారలేదు, వాయించేవాడు మారలేదు. వినేవాడు తనను పక్కవాడితో పోల్చుకున్నాడు, అంతే. మన చేతిలో ఈటె ఉండకపోవచ్చు. 'వాడికి తాళమే రాదు' అని మనం వెనకాల అనే మాట దానికేం తీసిపోదు.

అదే పోటీలో వెనకబడి కూడా నిలబడినవాడు ఒకడున్నాడు. అపొస్తలుల స్థానంలో ఒక ఖాళీ ఏర్పడినప్పుడు ఇద్దరిని నిలబెట్టారు. ఒకరు బర్సబ్బా అనే యోసేపు, రెండోవారు మత్తీయ. ఇద్దరూ మొదటి నుంచీ యేసు ప్రభువు వెంట నడిచినవారే. చీటీ మత్తీయ పేరిట వచ్చింది (అపొ.కా. 1:21-26). బర్సబ్బా అలిగి వెళ్లిపోయాడని ఎక్కడా లేదు. ఆ తర్వాత కొత్త నిబంధనలో అతని పేరు మళ్లీ కనబడదు. విచిత్రమేమంటే, ఎంపికైన మత్తీయ పేరు కూడా కనబడదు. పెంతెకొస్తు దినాన ఆత్మ దిగివచ్చింది చీటీ వచ్చినవాని మీద మాత్రమే కాదు, కూడివున్న వారందరి మీద.

మా సంఘంలో కథ అక్కడితో ఆగిపోలేదు. జనవరి నెలలో కొత్త కుర్రవాడికి ఒక చిక్కు వచ్చిపడింది. కొత్త పాటలు బాగానే వాయించేవాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల దగ్గరికి వచ్చేసరికి తడబడేవాడు. పాట మీద రాగం, తాళం అచ్చువేసే ఉంటాయి గాని, మా పెద్దమ్మలు కీబోర్డు కోసం ఆగరు. తమకు తోచిన శ్రుతిలో ఎత్తుకుంటారు, తమ నడకలో పాడతారు. ఆ శ్రుతిని పట్టుకుని వారి వెనకే వెళ్లడం పాత అబ్బాయికి ఏడేళ్ల అలవాటు. ఏ పరీక్షలోనూ మార్కులు పడని విద్య అది. మేము పెట్టిన పరీక్షలోనూ పడలేదు.

ఒక సాయంత్రం ఆ కుర్రవాడు మాతో చెప్పకుండానే అతని ఇంటికి వెళ్లాడు. "అన్నా, పెద్దమ్మలు ఎత్తుకుంటే నాకు శ్రుతి దొరకడం లేదు. నేర్పిస్తావా?" అని అడిగాడట. మేము వెళితే బయటికి రానివాడు ఆ మాటకు వచ్చాడు. మొదట కొన్ని వారాలు కీబోర్డు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఈస్టరు నాటికి ఇద్దరూ వంతులవారీగా వాయించసాగారు. మేము చేసిన తప్పును దిద్దింది మేము కాదు, పోటీలో గెలిచిన కుర్రవాడు.

ఈ కాలంలో మన పిల్లలకు పోటీలు తప్పవు. టీవీ పాటల పోటీలు, కాలేజీ బ్యాండ్లు, సంఘాల్లో క్రిస్మస్ క్వయర్లు... ఎక్కడైనా పదిమందిలో ఒకరినే తీసుకుంటారు. వద్దన్నా ఆగవు. కాని మూడు పనులు మన చేతిలో ఉన్నాయి. ఎంచుకునేవారమైతే న్యాయంగా ఎంచుదాం. ఫలితం మైకులో చెప్పకముందే, దాన్ని వినలేని మనిషి ఇంటికి వెళ్లి చెప్పి వద్దాం. ఎంపికైనవారమైతే మనకు రానిది మన వెనక నిలిచినవారి దగ్గర ఉందేమో అడిగి నేర్చుకుందాం. ఎంపిక కాకపోతే, పోయింది కుర్చీ ఒక్కటేననీ, దేవుని మందిరంలో మన వంతు పోలేదనీ నమ్ముదాం.

రేపటి ఆరాధనలో కీబోర్డు దగ్గర కూర్చున్నవారిని చూసి సంతోషించడం మంచిదే. ఒకప్పుడు అక్కడ కూర్చుని, ఇప్పుడు కనిపించని వారెవరైనా ఉన్నారేమో ఒకసారి వెనక్కి తిరిగి చూద్దాం.